చిటికెడు నౌసాదర్, బోలెడంత సబర్

పోయినేడు మా ఇంట్లో తొమ్మిది రోజుల్లో ఆరు చేపలు చచ్చిపోయాయి. ఖాతిల్ నేనే. బిటియా సాల్‌గిరా అని ఓ సాయంత్రం దుకాణానికి పోయి రెండడుగుల శీషా తొట్టి, రంగు రాళ్లు, గాలి పంపు, పాలిథిన్ సంచిలో ఆరు గోల్డ్‌ఫిష్‌లు అన్నీ ఒకే ఆటోలో తెచ్చాను. "ఆజిచ్ డాల్ దేవ్ భాయ్, కుచ్ నై హోతా" అన్నాడు దుకాణం ఆయన. నమ్మాను. నమ్మడమే నాకు సులువు కాబట్టి నమ్మాను. నాలుగో రోజుకి చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేయడం మొదలుపెట్టాయి. తొమ్మిదో రోజుకి తొట్టి ఖాళీ.

"అబ్బా, పానీ తో సాఫిచ్ థా నా?" అని అడిగింది బిటియా.

రోజూ నలుగురికీ ఖబర్లు రాసిపెట్టే సహాఫీని. ఏడేళ్ల పిల్లకి ఒక్క జుమ్లా జవాబు చెప్పలేకపోయాను.

జవాబు తర్వాత చదివి తెలుసుకున్నాను. నీళ్లు సాఫ్‌గా కనపడ్డాయి, అంతే. చేప తన మొప్పల గుండా అమ్మోనియా వదుల్తూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే. చెరువులో అయితే దాన్ని తినే సూక్ష్మజీవులు మట్టిలో, రాళ్ల మీద ముందునించే కాపురం ఉంటాయి. అవి రెండు జమాత్‌లు. మొదటిది అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ జెహరే. చేప నెత్తుట్లోకి చేరితే నెత్తురు గోధుమ రంగుకి తిరుగుతుంది, నీళ్లల్లో ఆక్సిజన్ ఉన్నా ఒంటికి అందదు. రెండో జమాత్, తొట్టెల్లో ఎక్కువగా నైట్రోస్పైరా అనే రకం, ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్‌ని చేప కొంతవరకు తట్టుకుంటుంది, నీళ్లు మారిస్తే అదీ తగ్గుతుంది. దుకాణం నించి కొత్తగా తెచ్చిన తొట్టిలో ఈ రెండు జమాత్‌లూ లేనట్టే లెక్క. పైగా మాది బోరు నీళ్లు, క్షార గుణం ఎక్కువ. అలాంటి నీళ్లల్లో అమ్మోనియా ఇంకా పదునెక్కుతుంది. అంటే నేను ఆ ఆరింటినీ పాయిఖానా లేని ఇంట్లో పెట్టి తాళం వేశానన్నమాట.

ఆ జీవులు పెరగడానికి వక్త్ కావాలి. పాలల్లో జామన్ వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది. వీటికి అంత జల్దీ లేదు. ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు పట్టొచ్చు. తొట్టి పూర్తిగా తయారవడానికి మామూలుగా 4 నించి 6 వారాలు. దీన్నే అక్వేరియం షౌఖ్ ఉన్నవాళ్లు సైక్లింగ్ అంటారు.

ఇక్కడే నాకూ నా దోస్త్‌కీ బహస్. అతనింట్లో మూడు తొట్లున్నాయి, తజుర్బా ఉన్నవాడు. "సస్తీ మచ్లీలు నాలుగు పడెయ్. పోతే పోయాయి, నీళ్లు తయారవుతాయి. ఆ తర్వాత మంచివి తెచ్చుకో" అన్నాడు. చాలామంది చేసేది ఇదే. చేప వదిలే అమ్మోనియాతోనే ఆ జీవులు పెరుగుతాయి కాబట్టి పని జరుగుతుంది కూడా. కానీ పది రూపాయల చేపకి ఊపిరాడకపోవడం ఐదొందల చేపకి ఊపిరాడకపోవడం కంటే తక్కువ తక్లీఫా? ఇంటికి తెచ్చుకున్న జాన్ మన చేతుల్లో అమానత్. తెలియక చంపడం వేరే సంగతి, అది నేను చేశాను. తెలిసీ, నీళ్లు తయారవడం కోసం చంపడం జులుం. ఆ పని చెయ్యడానికి చిటికెడు ఉప్పు ఉన్నప్పుడు అది ఇంకా పెద్ద జులుం.

ఆ ఉప్పు పేరు చదివి నవ్వుకున్నాను. అమ్మోనియం క్లోరైడ్. మన ఇళ్లల్లో దానికి పాత పేరుంది, నౌసాదర్. కర్నూల్లో మా గల్లీలోకి ఖలాయి వేసేవాడు వచ్చేవాడు. నేలలో చిన్న గుంత తవ్వి, తిత్తి పెట్టి, బొగ్గులు రాజేసి, దాదీమా రాగి దేగ్‌ని ఎర్రగా కాల్చేవాడు. దాంట్లో నౌసాదర్ చల్లగానే బుస్సున తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క రాసి దూదితో ఒక్కసారి తిప్పితే లోపలంతా చాంద్ లాగా మెరిసేది. "దూర్ హటో" అని దాదీమా మమ్మల్ని వెనక్కి లాగేది. ఉర్దూ మీడియంలో నౌసాదర్ అని చదివాను, తెలుగు డిగ్రీలో నవాసారం అనే మాట తగిలింది. రెండూ ఒకటేనని నిఘంటువు చూసేదాకా తెలీదు. అదే మసాలా ఇప్పుడు మా హాల్లో శీషా తొట్టిలో. కాకపోతే బజారు గడ్డలో వేరే లోహాల మైల ఉండొచ్చని, ల్యాబులకి సరుకు అమ్మే దుకాణంలో సాఫ్ డబ్బా కొన్నాను. ఫినాయిల్ పక్కన అమ్మే అమ్మోనియా సీసాలు వద్దు, వాటిలో సబ్బు, ఖుష్బూ కలిపి ఉండొచ్చు.

ఈసారి ఎండాకాలం సెలవులకి పిల్లల నానీ ఇంటికి, కడపకి, 15 రోజులు. "వచ్చాక మొదలుపెడదాం" అంది బేగం. నేను జిద్దు పట్టాను. చేపలున్న తొట్టిని వదిలి పోవడం పరేషానీ. చేపల్లేని తొట్టిని వదిలి పోవడానికి అంతకంటే మంచి రోజులు లేవు. మేత వేసే పని లేదు, పక్కింటివాళ్లకి తాళం చెవి ఇచ్చే పని లేదు, రోజూ పొద్దున్నే "మచ్లియాఁ కబ్ ఆతే అబ్బా" అనే సవాల్ లేదు.

కచ్చా ఝింగా ఒకటి వేసి వదిలేస్తే అదే కుళ్లి అమ్మోనియా ఇస్తుందని ఎవరో చెప్పారు. "బంద్ ఇంట్లో 15 రోజులు ఝింగా కుళ్లబెడతారా, నేనిక ఆ ఇంట్లో అడుగు పెట్టను" అంది బేగం. ఆ మాటతో బహస్ ఖతం.

తొట్టిలో నీళ్లు దాదాపు 50 లీటర్లు. లీటరుకి 2 మిల్లీగ్రాముల అమ్మోనియా రావాలంటే మొత్తం తొట్టికి ఉప్పు గ్రాములో మూడో వంతు కూడా అక్కర్లేదు. 15 రోజులకి సరిపడా ఒకేసారి గుప్పెడు వేసి పోదామని నఫ్స్ చెప్పింది. అదే గల్తీ. అమ్మోనియా మరీ ఎక్కువైతే రెండో జమాత్ ఎదగదు. మధ్యలో ఖురాక్ అయిపోతే? ఏమీ కాదు. ఆ జీవులు కొన్ని వారాలైనా రోజా ఉన్నట్టు మెల్లబడి ఉంటాయి, మళ్లీ పెడితే లేస్తాయి. దోస్త్ తొట్టి నించి వాడిన స్పాంజి ముక్క ఒకటి తెచ్చి వేశాను, అది మన జామన్. బహస్ బహసే, స్పాంజి మాత్రం ఇచ్చాడు, షుక్రియా. నల్లా నీళ్లు పట్టుకునేవాళ్లకి ఇంకో పని ఉంది. అందులోని క్లోరిన్ ఈ జీవుల్ని చంపుతుంది, కాబట్టి ముందు దాన్ని తీసెయ్యాలి.

బయల్దేరే ముందు రోజు స్విచ్ ఆపి చూశాను. అల్లా రహం, ఆపకపోతే తెలిసేది కాదు. పంపు నేల మీద పెట్టాను. కరెంట్ పోగానే తొట్టి నీళ్లు గొట్టం వెంట వెనక్కి దిగి ఖాలీన్ తడిసింది. తాళం వేసిన ఇంట్లో రాత్రి కరెంట్ పోయి ఉంటే? పంపుని నీటి మట్టం కంటే ఎత్తున షెల్ఫ్ మీదికి ఎక్కించాను. అంచు దాకా నీళ్లు నింపి మూత పెట్టాను, మే నెల ఎండలకి ఆవిరి ఎక్కువ. లైటు ఆపేసి పర్దా వేశాను, లేకపోతే నాచు. మన ఎండాకాలంలో హీటర్ అక్కర్లేదు, అది లేని బంద్ ఇంట్లో బేఫికర్ కూడా.

"ఖాళీ తొట్టికి కరెంట్ దండగ కదా భాయ్‌సాబ్" అన్నారు ఎదురింటాయన. మా గాలి పంపు 3 వాట్లు. 15 రోజులకి ఒక్క యూనిట్, ఆ పైన చిల్లర.

తిరిగొచ్చేసరికి నీళ్లు మూడు వేళ్లు తగ్గాయి. చెంబు నిండా పోసి పరీక్ష చేశాం. అమ్మోనియా సున్నా. బిటియా చప్పట్లు కొట్టింది. నైట్రైట్ సీసా చిక్కటి ఊదా రంగుకి తిరిగింది. చప్పట్లు ఆగిపోయాయి. ఆ రోజు దుకాణానికి పోయి ఉంటే మళ్లీ అదే కథ. వేసిన అమ్మోనియా, దాన్నించి వచ్చిన నైట్రైట్ రెండూ 24 గంటల్లో సున్నా అయ్యే రోజు రావాలి. ఆ తర్వాత సగానికి పైగా నీళ్లు మార్చాలి. అప్పుడు చేపలు, అవీ రెండో మూడో మాత్రమే.

ఇవాళ్టికి 29వ రోజు. నిన్న రాత్రి చిటికెడు వేశాం. పొద్దున నైట్రైట్ లేత ఊదా. బిటియా క్యాలెండర్‌లో ఇంకో ఇంటూ కొట్టి, తొట్టి ముందు కూర్చుని, లోపల ఏమీ కనపడని నీళ్లకి బడి కబుర్లు చెప్తోంది.