వాగుకు కాపలా ఎవరు?

నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు చించుకున్నన్నాళ్లూ మనకు నీళ్లంటే టీఎంసీల లెక్కే. కృష్ణాలో ఎన్ని, గోదావరిలో ఎన్ని? ఆ నీళ్లలో ఏం కలుస్తున్నదని అడిగినోళ్లు తక్కువ. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2014లో రాష్ట్రమొచ్చింది. నక్కవాగు గోస మాత్రం మన ఎజెండాలో ఎన్నడూ పైకి రాలేదు. ఈ తప్పులో మనకూ వాటా ఉన్నది.

మన పిల్లలు కొలువులకు పోయే అమెరికాలో పెన్సిల్వేనియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ భూమిలో వేల అడుగుల లోతున మార్సెల్లస్ షేల్ అనే రాతిపొర. నీళ్లు, ఇసుక, రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో పంపి, ఆ రాతిని పగలగొట్టి గ్యాస్ తీస్తారు. పంపిన నీళ్లలో కొంత తిరిగి పైకొస్తుంది. అది చాలాసార్లు సముద్రపు నీటికంటే ఉప్పన. బేరియం, స్ట్రాన్షియం అందులో కలిసి వస్తాయి. ఆ నీళ్లను మామూలు మురుగుశుద్ధి కేంద్రాలకు పంపి, అక్కడి నుంచి నదుల్లోకి వదిలారు. ఉప్పును తీసే ఏర్పాటు ఆ కేంద్రాల్లో లేనే లేదు! 2008లో మొనాంగహేలా నదిలో లవణాలు ప్రమాణాన్ని దాటాయి. గనుల నీళ్లు, గ్యాస్ బావుల నీళ్లు రెండూ అందుకు కారణమే.

అప్పుడు అక్కడి జనం సర్కారు వచ్చి చూస్తదని కూర్చోలేదు. డికిన్సన్ కాలేజీలో అలార్మ్ అనే బృందం 1986 నుంచి ఆమ్లవర్షాల మీద ప్రజలచేతనే పరీక్షలు చేయించేది. 2010 నుంచి గ్యాస్ బావుల దగ్గరి వాగులను కొలవడం నేర్పింది. చేతిలో పట్టే చిన్న మీటరును నీళ్లలో ముంచితే విద్యుద్వాహకత తెలుస్తుంది. ఉప్పు పెరిగితే అంకె పెరుగుతుంది. అయితే చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకూ పెరుగుతుంది. అందుకే అంకె ఎగబాకితే బేరియం, స్ట్రాన్షియం కోసం నీళ్లు ల్యాబుకు పంపుతారు. అవి కూడా పెరిగితే రోడ్డు ఉప్పు సాకు చెల్లదు.

అసలు కిటుకు ఇంకొకటి. బావి తవ్వకముందే కొలవడం మొదలుపెట్టాలి. నిన్నటి లెక్క లేకుంటే ‘ఈ వాగు మొదటి నుంచీ ఇంతే’ అని కంపెనీ వకీలు కోర్టులో నిలబడి చెప్తాడు. ఆ మాట మనం వినలేదా?

ఇదంతా దూరపు ముచ్చట అనుకోవద్దు. బొగ్గు పొరల్లో మీథేన్ ఉంటదని సింగరేణి కార్మికునికి ఒకరు చెప్పనక్కరలేదు. రేపు దానికోసం బోర్లు వేస్తే, ముందుగా బొగ్గులోని నీళ్లను తోడి బయట పోయాలి. ఆ నీళ్లు ఏ వాగులోకి పోతాయి?

నదులను, సరస్సులను కాపాడటం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెప్తుంది. విధి మనది, కొలిచే మీటరు మాత్రం కాలుష్య నియంత్రణ మండలిది! ఆ మండలి వద్దని అనం. మండలి లెక్క పక్కన మన లెక్క కూడా ఉండాలంటున్నం.

కెమిస్ట్రీ చదివే విద్యార్థులు, పాఠం చెప్పే సార్లు తలుచుకుంటే ఇది పెద్ద పని కాదు. వారానికోసారి, అదే వాగు, అదే చోటు, అదే సమయం. నోటుబుక్కులో తేదీ, అంకె, నీటిమట్టం. వానాకాలానికి ముందే మొదలుపెట్టండి. మొదటి నెల అంకెలు మాకు పంపండి, అచ్చేస్తం.