తాతగారి తాతగారి పేరేమిటి?

మా వీధి చివర ఒక టీచరమ్మగారు ఉన్నారు. ముప్ఫయి ఏళ్లపాటు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. క్రిస్మస్‌కు వారింటినుంచి మాకు కేకూ, అరిసెలూ వస్తాయి. సంక్రాంతికి మా బొబ్బట్లు వారింటికి వెళతాయి. ఒకనాటి సాయంకాలం ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంటూనే, "మీ తాతగారి తాతగారి పేరేమిటండీ?" అని అడిగారు.

నేను తెల్లబోయాను. నాన్నగారి పేరు, తాతగారి పేరు, ముత్తాతగారి పేరు వచ్చు. మా యింట్లో తద్దినాలప్పుడు వినబడేవీ ఆ మూడే. నాలుగో పేరు దగ్గర నోరు పెగల్లేదు.

"అయితే మీకూ తెలియదన్నమాట!" అని ఆవిడ కొంచెం ఊరట చెందారు.

సంగతేమిటంటే, ఆవిడ మనుమణ్ణి బళ్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారట. వాడు కాగితం మీద పెద్ద చెట్టు గీసి, కొమ్మలు వేసి, అమ్మమ్మ ముందు పెట్టాడు. మూడు కొమ్మలు నిండాయి. తక్కిన చెట్టంతా మోడే!

"మా ఊరి చర్చిలో పాత పుస్తకాలు ఉన్నాయి. పాస్టరుగారికి కబురు పెట్టాను. మీరూ తోడు రాకూడదూ?" అన్నారు. కాశీలోనూ గయలోనూ పండాలు పాత చిట్టాలు తీసి మన తాతముత్తాతల పేర్లు చదివి వినిపిస్తారని అందరికీ తెలుసు. కాని అక్కడిదాకా ప్రయాణం చేయగలిగిన వారి పేర్లే ఆ చిట్టాల్లో ఉంటాయి. ఊరు దాటని వాళ్ల పేర్లు రాసిన వారెవరు? ఆ సరదాతో వస్తానన్నాను. ప్రయాణం ఆదివారం. ఈలోగా చర్చి పుస్తకాల కథేమిటో కొంత చదువుకొన్నాను. అది ముందు చెబుతాను.

ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ రాజుగారి దగ్గర థామస్ క్రాంవెల్ అనే మంత్రి ఉండేవాడు. ఆయన 1538లో ఒక ఉత్తరువు జారీ చేశాడు. ప్రతి ఊరి చర్చిలోనూ ఒక పుస్తకం పెట్టాలి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు, ఈ మూడూ వారం వారం అందులో రాయాలి. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో ఉంచాలి. ఒక తాళంచెవి గురువు దగ్గర, రెండోది ఊరి పెద్దల దగ్గర. జనం ఊరుకొన్నారా? పిల్లవాడు పుడితే పన్ను, పెళ్లయితే పన్ను వేయడానికే ఈ ఎత్తు అని గుసగుసలు పోయారు. సర్కారు మన పేరు రాసుకొంటోందంటే ఏ దేశంలోనైనా మొదట పుట్టే అనుమానం అదే గదా!

మొదట్లో చాలాచోట్ల విడి కాగితాల మీదనే రాశారు. కాగితాలు చెమ్మకూ ఎలుకలకూ పోతున్నాయని 1598లో ఎలిజబెత్తు రాణి కాలాన అన్నిటినీ తోలు పత్రాల మీదికి ఎత్తి రాయమన్నారు. ముఖ్యంగా రాణిగారు గద్దె ఎక్కిన 1558 నుంచి రాస్తే చాలునన్నారు. ఇంకేం, చాలామంది గుమాస్తాలు అక్కణ్ణుంచే మొదలుపెట్టి చేతులు దులుపుకొన్నారు. అందుకనే ఇంగ్లండులో ఎన్నో ఊళ్ల పుస్తకాలు 1558తోనే ప్రారంభమవుతాయి. ఏటేటా బిషప్పుగారికి ఒక నకలు పంపాలన్న నియమమూ పెట్టారు. ఊళ్లో అసలు తగలబడిపోయినా, బిషప్పుగారి నకలు దొరికి ఎన్నో కుటుంబాలు బయటపడ్డాయి.

షేక్‌స్పియరు మహాకవి పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. స్ట్రాట్‌ఫర్డు చర్చి పుస్తకంలో ఆయన బాప్తిస్మం 1564 ఏప్రిల్ 26 అని ఉంది. అంతే! ఏప్రిల్ 23న ఏటా జరిపే పుట్టినరోజు ఊహ మాత్రమే. అదే పుస్తకంలో, అదే జూలైలో, ఒక మగ్గం పనివాడి దగ్గర పని నేర్చుకొనే కుర్రవాణ్ణి పూడ్చిపెట్టిన పద్దు ఉంది. దాని పక్కన, ప్లేగు ఇక్కడ మొదలైందని గురువు మూడే మాటల్లో లాటిన్‌లో రాసిపెట్టాడు. మహాకవికీ మగ్గం కుర్రవాడికీ పుస్తకంలో చెరొక గీతే. 1585లో కవిగారికి కవల పిల్లలకు బాప్తిస్మం అయింది. వారిలో హామ్నెట్ అనే కొడుకును 1596 ఆగస్టు 11న పూడ్చారు. పదకొండేళ్ల పిల్లవాడు. ఆ తండ్రి ఎంత ఏడ్చాడో పుస్తకంలో లేదు. చర్చి పుస్తకం తేదీ చెబుతుంది. తక్కినది మనమే తెలుసుకోవాలి.

ఇంగ్లీషువాళ్లు ఓడ ఎక్కి వచ్చేటప్పుడు ఈ అలవాటునూ వెంట తెచ్చుకొన్నారు. మద్రాసు కోటలో సెయింట్ మేరీ చర్చి 1680లో వెలిసింది. ఆ ఏడే నవంబరు 4న అక్కడ మొదటి పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు ఎలైహూ యేల్. తరవాత మద్రాసు గవర్నరయ్యాడు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. రాబర్టు క్లైవు పెళ్లి కూడా 1753 ఫిబ్రవరి 18న ఆ చర్చిలోనే అయింది. మద్రాసు రాజధానిలోని ఇంగ్లీషు చర్చీల పద్దుల నకళ్లు లండనుకు వెళ్లేవి. 1698 నుంచి ఉన్నవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. మచిలీపట్నంలోనూ విశాఖపట్నంలోనూ కాపురాలు చేసి, కాలం చేసిన తెల్లవాళ్ల పేర్లు కూడా వాటిలో దొరుకుతాయి.

అయితే ఆ పద్దుల్లో ఒక చోట మనసు చివుక్కుమంటుంది. తండ్రి కంపెనీ సోల్జరో, గుమాస్తావో. అతని పేరు, హోదా పూర్తిగా ఉంటాయి. తల్లి ఈ దేశపు మనిషయితే, చాలా చోట్ల ఆమె పేరే ఉండదు. 'నేటివు స్త్రీ' అని ఉంటుంది. లేదా చర్చివారు పెట్టిన ఒక పేరు ఉంటుంది, ఇంటిపేరూ ఊరూ ఉండవు. తొమ్మిది నెలలు మోసి కన్న మనిషికి ఆ పుస్తకంలో చోటు లేదు. ఈ మాట గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ వస్తాను.

ఇక ఆదివారం నాటి ప్రయాణం.

గుంటూరు ప్రాంతానికి లూథరన్ మిషనరీ హయ్యరు దొర అమెరికానుంచి వచ్చింది 1842 జూలై 31న. టీచరమ్మగారి పుట్టిల్లు ఆ చుట్టుపక్కల ఒక పల్లె. ప్రార్థన అయిపోయాక పాస్టరుగారు బీరువా తీసి, గుడ్డలో చుట్టిన నాలుగు పుస్తకాలు బల్లమీద పెట్టారు. అట్టలు ఊడిపోయాయి. సిరా ఇటికరంగుకు తిరిగింది. కొన్ని పేజీలు ఇంగ్లీషులో, కొన్ని తెలుగులో. "నెమ్మదిగా తిప్పండమ్మా, పెళుసెక్కాయి" అన్నారాయన.

మేము చేసిన మొదటి పొరపాటు, వెనకనుంచి ముందుకు వెళ్లాలనుకోవడం. అన్నిటికంటె పాత పుస్తకం తెరిచి గంటసేపు వెతికాము. పాస్టరుగారు నవ్వి, "తెలిసిన చోటునుంచి తెలియని చోటికి వెళ్లాలండీ. ముందు మీ నాన్నగారి పద్దు చూడండి" అన్నారు. నాన్నగారి బాప్తిస్మంలో తాతగారి పేరు దొరికింది. తాతగారి పెళ్లిలో ముత్తాతగారి పేరు దొరికింది. మెట్టు తరవాత మెట్టు.

ఇలా వెతకదలచుకొన్న వారికి నాకు తెలిసిన నాలుగు సంగతులు చెబుతాను. ముందు ఇంట్లో వెతకండి. చాలా కుటుంబాల్లో పెద్ద బైబిలు మొదటి పేజీలో పుట్టిన రోజులు రాసి ఉంటాయి. తరవాత సమాధి రాళ్లు చూడండి. ఆ తరవాతే చర్చి.

రెండోది, పెద్దలు ఏ మిషనువారో తెలుసుకోండి. లూథరన్లు, ఇంగ్లండు చర్చివారు, కేథలిక్కులు పసిబిడ్డలకే బాప్తిస్మం ఇస్తారు గనుక పుట్టిన కాలం ఇంచుమించుగా తెలుస్తుంది. బాప్టిస్టులు అలా కాదు. ఎదిగి, తనంతట తాను నమ్మినవారికే ఇస్తారు. ఒంగోలు క్లౌ దొరగారు ధాతు కరువులో అన్నం కోసం వచ్చి చేరకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తెరిపి ఇచ్చాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ముసలివారూ ఉన్నారు, పడుచువారూ ఉన్నారు. ఆ తేదీనిబట్టి వయసు లెక్క కట్టబోతే ముత్తాత, మనుమడు ఒక ఈడువారవుతారు!

మూడోది, ఇంగ్లీషు పుస్తకాల్లో తేదీలతో జాగ్రత్త. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. షేక్‌స్పియరుగారి కవలల బాప్తిస్మం ఫిబ్రవరిలో గనుక, మనకు 1585 అయినది ఆ లెక్కలో 1584. ఇది తెలియకపోతే తల్లి పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు భ్రమపడి, పోయినవారి మీద లేనిపోని నింద వేస్తాము.

నాలుగోది, ఒకే మనిషి పేరు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంటుంది. దొర చెవికి వినబడినట్టు దొర రాస్తాడు. కళ్లతో చదవవద్దు, పైకి చదివి చెవితో వినండి. ఇప్పుడు లక్షలాది పాత పేజీలను ఫొటోలు తీసి కంప్యూటరులో పెట్టారు. ఫ్యామిలీసెర్చ్ అనే చోట డబ్బు కట్టకుండానే ఎన్నో చూడవచ్చు. కాని మన పల్లె చర్చీల పుస్తకాలు చాలా వరకు ఇంకా ఆ బీరువాల్లోనే ఉన్నాయి. చెదలు పట్టేలోగా వెళ్లడం మంచిది.

మధ్యాహ్నం రెండింటికి టీచరమ్మగారి వేలు ఒక గీత దగ్గర ఆగిపోయింది. కరువు తర్వాతి సంవత్సరాల పేజీ అది. ఆవిడ ముత్తాతగారు, ఆయన భార్య, చంకలో బిడ్డ, ముగ్గురికీ ఒకే రోజున బాప్తిస్మం. పాత పేరు, కొత్త పేరు రెండూ రాశారు. చేసే పని గడిలో 'కూలి' అని ఉంది. సమాధుల పుస్తకం చూస్తే, ఆ దంపతులకే తరవాత పుట్టిన బిడ్డలు ఇద్దరు ఒకే నెలలో పోయారు. ఆ సంగతి ఇంట్లో ఎవ్వరికీ తెలియదు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకొన్నారు.

అప్పుడే వారి అన్నగారు వచ్చారు. చూసి ముఖం చిన్నబుచ్చుకొన్నారు. "మనది మొదటినుంచీ టీచర్ల కుటుంబమని అందరికీ చెప్పుకొన్నాము. పెళ్లి సంబంధాల్లో కూడా అదే చెప్పాము. ఇప్పుడిది తవ్వి పిల్లవాడి చేత బళ్లో చదివిస్తావా?" అన్నారు.

ఆవిడ జవాబు చెప్పలేదు. పెళ్లిళ్ల పుస్తకం తెరిచారు. క్రైస్తవుల వివాహ చట్టం 1872లో వచ్చింది. దాని ప్రకారం వధూవరులూ సాక్షులూ పుస్తకంలో సంతకాలు చేయాలి. ఆనాడు చంకలో ఉన్న బిడ్డే ఇప్పుడు పెళ్లికొడుకు. పని గడిలో 'టీచరు' అని ఉంది. గుండ్రటి అక్షరాలతో చక్కటి సంతకం. దాని కింద సాక్షి గడిలో తండ్రి పేరు ఎవరో రాస్తే, పక్కన వంకరగా ఒక ఇంటూ గుర్తు. కలం గట్టిగా ఒత్తినందువల్ల కాగితానికి కన్నం పడింది.

"అన్నయ్యా, ఈ సంతకం పెట్టినాయన గొప్పవాడే. మరి ఈ గుర్తు పెట్టినాయన లేకపోతే ఆ సంతకం ఎక్కడిది?" అన్నారు ఆవిడ.

అన్నగారు చాలాసేపు ఆ గుర్తు వైపే చూశారు. "ఇది ఫొటో తీసుకోవచ్చా?" అని పాస్టరుగారిని అడిగారు.

ముత్తవ్వగారి పాత పేరు కూడా ఆ రోజే దొరికింది. చాలా అందమైన పేరు. అది వారింటి సొత్తు గనుక ఇక్కడ రాయను. మనుమడి చెట్టు మీద మాత్రం ఎర్ర పెన్సిలుతో పెద్దక్షరాలతో రాశాడు.

ఇంటికి వచ్చాక నేను మా వంశవృక్షం తీశాను. మా పెదనాన్నగారు శ్రమపడి పది తరాలు రాసిన కాగితం అది. ఇంతకాలం దాన్ని చూసి గర్వపడేదాన్ని. ఆ రోజు మొదటిసారిగా గమనించాను: అందులో ఒక్క ఆడపేరు లేదు! తాతకు తండ్రి, తండ్రికి కొడుకు. వీళ్లందరినీ ఎవరు కన్నారో తెలియదు. మద్రాసు కోటలో దొరలు తల్లి పేరు రాయలేదని బాధపడ్డాను. మా యింట్లో మేము చేసిందేమిటి?

మా పెద్దత్తయ్యకు తొంభై దగ్గర పడుతోంది. ఆవిడ దగ్గరకు వెళ్లి, "మీ నాయనమ్మ పేరేమిటి అత్తయ్యా?" అని అడిగాను. పాపం, ఆ రోజల్లా ఆలోచించింది. రాత్రి భోజనాలయ్యాక పిలిచి చెప్పింది: "అందరూ నెల్లూరమ్మ అనేవారే. నెల్లూరునుంచి కాపురానికి వచ్చిందని. అసలు పేరు ఎవరూ పిలవగా వినలేదు."

వెతకడానికి మాకు చర్చి పుస్తకం లేదు. అందుచేత ఒక నోటు పుస్తకం కొన్నాను. మొదటి పేజీలో మా అమ్మ పేరు, మా అమ్మమ్మ పేరు, ఆవిడ తల్లి పేరు రాశాను. ఆ పైన గీత గీసి, 'నెల్లూరమ్మ' అని రాసి, పక్కన కొంచెం ఖాళీ ఉంచాను. మీ యింట్లో తొంభై ఏళ్లవారు ఎవరైనా ఉంటే, ఈ రాత్రి భోజనాలయ్యాక అడిగి చూడండి.