వీర్ నారాయణ్ సింగ్ పాట ఎవరిది?

2025 నవంబరు 1న, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రావతరణ రజతోత్సవాల సందర్భంగా, ప్రధాని నరేంద్ర మోదీ నవా రాయ్‌పూర్‌లో షహీద్ వీర్ నారాయణ్ సింగ్ పేరిట ఆదివాసీ స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియంను ప్రారంభించారు. అక్కడి అంతర్జాతీయ క్రికెట్ స్టేడియానికి అంతకుముందే ఆయన పేరున్నది. సంతోషించవలసిన విషయమే. అయితే ఈ సోనాఖాన్ జమీందారు రాజధానికి ఏ దారిన చేరాడో ఢిల్లీ ప్రముఖులకు గుర్తున్నట్లు లేదు.

1856 కరువులో వర్తకుని ధాన్యపు కొట్లు తెరిపించి ఆకలిగొన్నవారికి పంచినందుకు ఆయన చెరసాల పాలయ్యాడు. తప్పించుకుని తిరుగుబాటు చేసి, 1857 డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో ఉరికంబమెక్కాడు. ఆయనను మళ్ళీ ఊరేగింపులలోకి తెచ్చినవారు దల్లీరాజహరా ఇనుపగనుల కార్మికులు. 1977 జూన్‌లో పోలీసు కాల్పులకు 11 మందిని కోల్పోయిన సంఘం వారిది. శంకర్ గుహ నియోగి నాయకత్వాన 1979 నుంచి నారాయణ్ సింగ్ వర్ధంతి జరపసాగారు. ‘నవా అంజోర్’ అనే సాంస్కృతిక దళం, గని కార్మికుడైన గాయకుడు ఫాగూరామ్ యాదవ్, పాటను కార్మికవాడలకు మోశారు. నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రలోనే కాల్చి చంపారు.

ఇక రాయ్‌పూర్ శాసనసభ చేసిన 2005 నాటి ప్రత్యేక ప్రజాభద్రతా చట్టం చూడండి. మాటతోగాని, రాతతోగాని, సంజ్ఞతోగాని చట్టధిక్కారాన్ని ప్రోత్సహించుట, బోధించుట అందులో చట్టవిరుద్ధ కార్యకలాపమే. నారాయణ్ సింగ్ జీవితమంతా ఆ నిర్వచనంలో ఇముడుతుంది! గని కార్మికుల ఆసుపత్రికి తోడ్పడిన డాక్టర్ బినాయక్ సేన్‌కు 2010 డిసెంబరు 24న రాయ్‌పూర్ సెషన్సు కోర్టు రాజద్రోహ నేరానికి యావజ్జీవ శిక్ష విధించింది. 2011 ఏప్రిల్ 15న బెయిలు మంజూరు చేసిన సుప్రీంకోర్టు, ఇంట గాంధీ ఆత్మకథ దొరికినంతమాత్రాన ఎవరైనా గాంధేయవాది అవుతారా అని అడగవలసివచ్చింది.

మన అనుభవమూ వేరు కాదు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రానికి శ్రీశ్రీ వ్రాసిన పాటకు జాతీయ బహుమతి లభించింది. అదే ఏట, ఆయన తొలి అధ్యక్షుడుగా ఉన్న విరసం కవులపై సికింద్రాబాదు కుట్రకేసు పెట్టారు. వారు నిర్దోషులని తేలేసరికి 1989 వచ్చింది. మన్యపు తిరుగుబాటుకు యాభై ఏళ్ళు నిండితే బహుమతి, శ్రీకాకుళానికి ఐదారేళ్ళే గనుక కుట్ర.

2026 మార్చి 31 లోగా మావోయిస్టులను అంతం చేస్తామని కేంద్రం గడువు ప్రకటించింది. 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో హతుడైన వారి ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు శ్రీకాకుళం జిల్లావాడే. ఇన్‌ఫార్మర్లన్న ముద్రవేసి గ్రామస్థులను చంపిన రాజకీయానికి నా సమర్థన లేదు. కాని 2024 అక్టోబరులో, భద్రతాదళాల క్యాంపులకు వ్యతిరేకంగా బహిరంగంగా ధర్నాలు చేసిన మూలవాసీ బచావో మంచ్‌ను కూడా పైచట్టం క్రిందనే నిషేధించారు. దీనిని ఏమనాలి?

2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కవితపై కేసును కొట్టివేస్తూ, మాటల ప్రభావాన్ని దృఢచిత్తుల ప్రమాణంతో తూచవలెనే గాని ప్రతి విమర్శలోనూ ప్రమాదం చూసేవారి ప్రమాణంతో కాదని సుప్రీంకోర్టు చెప్పింది. బస్తర్ ధర్నాలో పాడే గోండి పాటకు ఈ ప్రమాణం వర్తిస్తుందా, 2005 నాటి నిర్వచనమా? రాయ్‌పూర్ తేల్చవలసింది అది.