ఆగిన విమానాల నష్టం ఎవరి ఖాతాలో?

కొత్తగూడెం విమానాశ్రయం మాట మళ్లీ వినబడుతోంది. గరీబ్‌పేట పరిసరాల్లో చూసిన స్థలం అనువుగా లేదని 2025లో కేంద్రం తేల్చినా ఆశ చల్లారలేదు. ఇంకో చోటు చూడాలని ఖమ్మం నుంచి భద్రాచలం దాకా నాయకులు కోరుతూనే ఉన్నారు. అంతకుముందే రాష్ట్ర ప్రభుత్వం మామునూరు, బసంత్‌నగర్, ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, దేవరకద్రలతో పాటు పాల్వంచ పేరు కూడా పంపి, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ చేత సాధ్యాసాధ్యాల పరిశీలన చేయించింది. ఆ పరిశీలన జరిగింది సరిగ్గా కరోనా కాలంలో. ఒక పక్క కొత్త విమానాశ్రయాలకు కొలతలు తీస్తుంటే, మరో పక్క ఉన్నవి బోసిపోయి కూర్చున్నాయి. ఆ రెండు దృశ్యాలనూ కలిపి చూడాల్సిన సమయం ఇదేనని మా అభిప్రాయం.

2020 మార్చి 23న అంతర్జాతీయ విమానాలు, 25న దేశీయ విమానాలు ఆగిపోయాయి. దేశీయ విమానాలు రెండు నెలల తరువాత, మే 25న, మూడో వంతు సర్వీసులతో తిరిగి మొదలయ్యాయి. అంతర్జాతీయ సర్వీసులు మామూలుగా తిరగడానికి 2022 మార్చి 27 దాకా, అంటే రెండేళ్లు పట్టింది. ఈ మధ్యలో వందే భారత్ విమానాలు, ఆ తరువాత కొన్ని దేశాలతో చేసుకున్న ప్రత్యేక ఏర్పాట్లే దిక్కు. గల్ఫ్‌లో పనిచేసే బిడ్డల కోసం ఎదురుచూసిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ రోజులు వాళ్లకు ప్రత్యేకంగా గుర్తుచేయనక్కరలేదు.

శంషాబాద్ లెక్క చూడండి. 2019-20లో అక్కడినుంచి సుమారు 2 కోట్ల 16 లక్షల మంది ప్రయాణించారు. మరుసటి ఏడాది ఆ సంఖ్య 80 లక్షలకు పడిపోయింది. ప్రపంచమంతటా ఇదే తీరు. 2019లో 450 కోట్లు ఉన్న విమాన ప్రయాణికులు 2020లో 180 కోట్లకు తగ్గారని, ఆ ఒక్క ఏడాదిలో విమానాశ్రయాలు 11,500 కోట్ల డాలర్ల ఆదాయం కోల్పోయాయని ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ లెక్క కట్టింది.

బస్సు ఆగితే డీజిలైనా మిగులుతుంది. విమానాశ్రయానికి ఆ వెసులుబాటు కూడా లేదు. విమానం దిగినా దిగకపోయినా రన్‌వేకు మరమ్మతులు చేయాలి, అగ్నిమాపక సిబ్బంది కాపలా ఉండాలి, భద్రతా దళం గేటు దగ్గర నిలబడాలి, తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టాలి. రాబడి మాత్రం మనిషి అడుగుపెడితేనే వస్తుంది. విమానం దిగినందుకు రుసుము, ప్రయాణికుడి నుంచి వాడుక రుసుము, దుకాణాల అద్దె, కారు పార్కింగు, గోడల మీద ప్రకటనలు అన్నీ మనుషుల రాకపోకల మీద ఆధారపడినవే. సరుకు రవాణా ఒక్కటే కాస్త ఆదుకుంది. 2021 మేలో రష్యా టీకా స్పుత్నిక్ వి మొదటి డోసులు దిగింది శంషాబాద్‌లోనే. కానీ మందుల పెట్టెలు కాఫీ కొనవు, ట్యాక్సీ ఎక్కవు.

మరి ఆ నష్టం ఎవరు భరించారు? ఇక్కడే అసలు సంగతి ఉంది. పెద్ద విమానాశ్రయాల రుసుములను నిర్ణయించడానికి ఒక నియంత్రణ సంస్థ ఉంది. ఐదేళ్లకోసారి అది లెక్కలు చూస్తుంది. పెట్టుబడి ఎంత, దాని మీద న్యాయమైన రాబడి ఎంత, గత ఐదేళ్లలో అనుకున్నదానికంటే తక్కువ వసూలైందా అని పరిశీలిస్తుంది. తక్కువైతే ఆ లోటును రాబోయే ఐదేళ్ల రుసుములో కలుపుతుంది. ఎక్కువైతే తగ్గిస్తుంది కూడా, అది ఒప్పుకోవాలి. 2021 ఆగస్టులో శంషాబాద్ విషయంలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం దేశీయ ప్రయాణికుడి వాడుక రుసుము 281 రూపాయల నుంచి 2022 ఏప్రిల్‌లో 480కి, 2025 నాటికి 750కి చేరేలా నిర్ణయించారు. విదేశాలకు వెళ్లేవారికి 393 రూపాయలు ఉన్నది 700కి, ఆపై 1,500కి పెరిగేలా ఏర్పాటు చేశారు. ఈ పెంపు అంతా కరోనా వల్లనే అనడం న్యాయం కాదు. ఏడాదికి 3 కోట్ల 40 లక్షల మందికి సరిపోయేలా టెర్మినల్ విస్తరణకు పెట్టిన ఖర్చూ ఇందులో ఉంది. అయినా ఖాళీగా గడిచిన రోజుల బరువు కూడా ఆ టికెట్‌లోకే వచ్చి చేరింది. దుబాయ్‌కి పనికి వెళ్లే మన కుర్రవాడు టికెట్ కొన్నప్పుడు ఆ మొత్తం దేనికో అడగడు, ఎవరూ చెప్పరు.

ఢిల్లీలో ఇంకో దారి తొక్కారు. అక్కడి విమానాశ్రయం తన రాబడిలో 45.99 శాతం ప్రాధికార సంస్థకు వాటాగా ఇవ్వాలి. చేతిలో లేని విపత్తు వచ్చింది కాబట్టి ఆ వాటా కట్టలేమని నిర్వాహకులు 2020లో చెప్పారు. వివాదం మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. 2024 జనవరిలో తీర్పు నిర్వాహకులకు అనుకూలంగా వచ్చింది. చట్టపరంగా అందులో తప్పు ఉందని మేము అనడం లేదు. కానీ దేశంలోని చిన్న విమానాశ్రయాలు చాలావరకు నష్టాల్లోనే నడుస్తాయి. వాటిని ప్రాధికార సంస్థ మోస్తున్నది పెద్దవాటి నుంచి వచ్చే ఇలాంటి వాటాలతోనే. ఆ సంస్థకు 2020-21లో దాదాపు 2 వేల కోట్ల రూపాయల నష్టం వచ్చింది. అది ప్రభుత్వ సంస్థ, అంటే ప్రజల సొమ్ము.

లోటును తరువాతి ఏళ్ల మీదికి నెట్టే ఈ సౌకర్యం విమానాశ్రయం గోడ దాటి బయటికి రాలేదు. శంషాబాద్ దారిలో కారు నడిపే డ్రైవరుకు రిజర్వు బ్యాంకు ఆరు నెలలు వాయిదాలు ఆపింది గాని, వడ్డీ ఆపలేదు. ఆ ఏడాది శ్రీరామనవమికి భద్రాచలంలో కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. ఆ ఒక్క వారం అమ్మకాలతో ఏడాది గడుపుకునే చిరు వ్యాపారులకు పోయిన సీజను పోయినట్టే. మిర్చి కోతలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు రోడ్లు మూసేశారని అడవి దారుల వెంట సుక్మా, బీజాపూర్ వైపు నడిచి వెళ్లారు. దారిలో ప్రాణం పోయినవారూ ఉన్నారు. వీళ్ల లోటును ఏ ఐదేళ్ల పట్టికలోనూ ఎవరూ కలపలేదు.

ఇప్పుడు మన విమానాశ్రయం దగ్గరకు వద్దాం. ఒకవేళ వస్తే అది శంషాబాద్‌లా రాదు. ఉడాన్ పథకం కింద చిన్న విమానాలతో వచ్చే అవకాశమే ఎక్కువ. 2017 ఏప్రిల్‌లో ఆ పథకం తొలి విమానాల్లో ఒకటి కడప–హైదరాబాద్ మధ్య తిరిగింది. టికెట్ ధరకూ ఖర్చుకూ మధ్య తేడాను విమాన సంస్థకు మూడేళ్లపాటు ప్రభుత్వం భర్తీ చేస్తుంది. అందులో 20 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. భూమి, పోలీసు భద్రత, అగ్నిమాపక సేవలు రాష్ట్రమే ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్లు దాటితే భర్తీ ఆగిపోతుంది. ఆ తరువాత ఏమవుతుందో కాగ్ 2023 నివేదికలో ఉంది. కేటాయించిన 774 మార్గాల్లో 371 మాత్రమే మొదలయ్యాయి. వాటిలో మూడేళ్లూ పూర్తి చేసుకున్నవి 112. ఆ గడువు తరువాత కూడా నడుస్తున్నవి 54. కరోనా కొంత కారణం నిజమే, అంతా కరోనాయే కారణం కాదు.

కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. మూడు రోజులకు బెంగళూరు, విశాఖ, చెన్నైలకు విమానాలు మొదలయ్యాయి. నెల తిరక్కుండానే రెండో అల విరుచుకుపడింది. అలాంటి చిన్న విమానాశ్రయానికి ఢిల్లీ వంటి ఒప్పందమూ ఉండదు, లోటు పంచుకోవడానికి కోట్లమంది ప్రయాణికులూ ఉండరు. జిల్లా ఎంత ఉత్సాహంగా ఉన్నా విమాన సంస్థ సీట్లు లెక్కపెట్టుకుంటుంది.

అలాగని విమానాశ్రయం వద్దని మేము చెప్పడం లేదు. భద్రాచలానికి వచ్చే యాత్రికులు, సింగరేణి, పాల్వంచ విద్యుత్ కేంద్రం, సారపాక కాగితపు మిల్లు ఉన్న ప్రాంతం ఇది. అత్యవసర వైద్యం కోసం హైదరాబాద్ చేరేలోగా ప్రాణం మీదికి వచ్చే దూరం కూడా. కానీ భద్రాచలం వెళ్లాలంటే ఇప్పటికీ కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగి 40 కిలోమీటర్లు బస్సెక్కాలి. భద్రాచలం మీదుగా మల్కన్‌గిరి–పాండురంగాపురం రైలు మార్గానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులోనే ఆమోదం తెలిపింది. ఏది ముందు కావాలో పేదవాడిని అడిగితే రెండు క్షణాల్లో చెబుతాడు.

భూమి సంగతి వేరే. ఇది 1/70 చట్టం అమలయ్యే ఏజెన్సీ మండలాలు ఉన్న జిల్లా. పోడు పట్టాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు ఇక్కడున్నారు. కొత్తగా చూసే స్థలం ఏజెన్సీలోకి వస్తే గ్రామసభను అడగకుండా ముందుకు వెళ్లకూడదు. అడిగేటప్పుడు ఉద్యోగాల మాట ఒక్కటే చెబితే సరిపోదు. ఏడాదికి నిర్వహణ ఖర్చు ఎంత, ఎంతమంది ఎక్కితే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది, మూడేళ్ల భర్తీ ఆగాక లోటు ఎవరు కడతారు, మళ్లీ ఒక మహమ్మారి వచ్చి విమానాలు ఆగితే అప్పుడు ఎవరు కడతారు అనేది తెలుగులో రాసి ఆ సభ ముందు పెట్టాలి. ఈసారి సర్వే బృందం వచ్చినప్పుడు మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ముందుగా అడగాల్సింది ఆ కాగితమే.