సీసాలో అరిష్టం, కుండలో నేరమా?

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు పండక్కి వచ్చి ఓ వింత చెప్పాడు. "అక్కా, ఇప్పుడు మా దగ్గర పుల్ల బీరు ఫ్యాషన్. కావాలనే పులవబెడతారు. కొండల్లో పూసే పువ్వులు కూడా వేస్తారు" అని. బెల్జియంలో అయితే గాలిలో ఉండే ఈస్ట్‌తోనే పులియనిచ్చి, చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచే రకం కూడా ఉందట. "ఇడ్లీ పిండి కాస్త పులిస్తే మీ బావ మొహం చిట్లిస్తారు. మీరు డబ్బిచ్చి మరీ తాగుతున్నారట్రా!" అని నవ్వాను.

నవ్వానే గానీ, ఆ పువ్వుల మాట మనసులో ఉండిపోయింది.

అలాంటి పువ్వు మనకీ ఉంది కదా! ఇప్పపువ్వు. ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతుంది. ఎండ ముదరకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకెళ్లి ఏరుకొస్తారు. ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుంటుంది. తీపి కాబట్టి వండుకుంటారు, మిగిలింది అమ్ముకుంటారు. దాన్నే నానబెట్టి, కొన్ని రోజులు పులియబెట్టి, ఆ ఊటను కాస్తే ఇప్పసారా. గోండుల పూజల్లో దానికో చోటుంది.

పట్నంలో లైసెన్సు ఉన్నవాడు పువ్వు పులియబెడితే అది కళ. అడవిలో ఆడమనిషి కుండలో చేస్తే కేసు. ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1892లోనే బొంబాయి ప్రెసిడెన్సీలో తెల్లవాళ్లు ఏకంగా ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చారు.

"అయితే తాగుడిని వెనకేసుకొస్తున్నావా?" అంటారేమో. నేను పుట్టింది నెల్లూరు జిల్లాలో. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు నేను పసిపిల్లని. మా అమ్మమ్మ కూడా చీపురు పట్టుకుని బయల్దేరిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో పోయింది కూడా. అయితే వాళ్లు తిరగబడింది వేలం పాడుకున్న కాంట్రాక్టరు మీద, ప్యాకెట్లలో ఊరి మీదికొచ్చిన సారా మీద, ఆ డబ్బుతో ఖజానా నింపుకున్న సర్కారు మీద. దేవుడి ముందు పెట్టుకునే కుండ మీద కాదు.

ఇంకో మాట చెప్పనా? మా పెద్దాడు పుట్టినప్పుడు మా అత్తగారు పూటకి రెండు చెంచాల దశమూలారిష్టం పట్టించారు. అది పులియడానికి వేసేది ధాతకీ పువ్వు. అదీ కొండల్లో ఎర్రగా పూసేదే! కషాయం, బెల్లం, పువ్వు కలిపి, మూత బిగించి, వారాల తరబడి కదపకుండా ఉంచుతారు. సీసా మీద చిన్నక్షరాలు చదవండి. దానంతటదే పుట్టిన ఆల్కహాలు ఎంత శాతమో రాసి ఉంటుంది. బీరుకేం తీసిపోదు. మన అలమరలో ఉంటే మందు, వాళ్ల గుడిసెలో ఉంటే మత్తు!

గూడేల్లోనూ తాగొచ్చి చెయ్యి చేసుకునే మగాళ్లున్నారు, కాదనను. ఆ దెబ్బలు తినేది ఆమె కాబట్టి, కుండ ఉండాలో పగలాలో చెప్పాల్సిందీ ఆమే. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాలను నిషేధించే, అదుపు చేసే అధికారం పంచాయతీలకూ, గ్రామసభకూ ఇవ్వాలంటోంది. ఆ సభలో ఆడవాళ్లు నోరు విప్పేలా చూస్తే చాలు. నెల్లూరులా 'వద్దు' అంటారో, 'పండక్కి మాత్రం' అంటారో వాళ్లే తేల్చుకుంటారు. పోలీసు జీపు వచ్చి కుండ తన్నేసి పోతే మొగుడి తాగుడు మానదు, ఆమె కష్టం మాత్రం మట్టిపాలవుతుంది.

ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. ఎక్కడైనా కనిపిస్తే కొనండి. కొనేటప్పుడు మాత్రం గీసిగీసి బేరమాడకండి. ఆ పువ్వు కోసం వాళ్లు నిద్రలేచిన వేళకి మనం ఇంకా దుప్పట్లోనే ఉంటాం.