అంకుడు నూనెకూ ఒక పరీక్ష కావాలి

సోరియాసిస్ ఉన్న మనిషికి సలహాలకు కొదవ ఉండదు. చలికాలంలో మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో పొలుసులు లేవగానే ఒకరు వేపాకు నీళ్లతో స్నానం చేయమంటారు. ఇంకొకరు కలబంద గుజ్జు రాయమంటారు. వంకాయ, గోంగూర, చేపలు మానేయమని మరొకరు పథ్యం చెబుతారు. వీరిలో చాలామందికి మోసం చేయాలన్న ఉద్దేశం ఉండదు. తమకో, తమ బంధువుకో నిజంగానే తగ్గింది కాబట్టి చెబుతారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఈ జబ్బు పెరుగుతూ తగ్గుతూ సాగుతుంది. శరీర రక్షణ వ్యవస్థ అతిగా స్పందించి చర్మకణాలను తొందరపెడుతుంది. మామూలుగా సుమారు నెల రోజులు పట్టే చర్మం పైపొర మార్పు, సోరియాసిస్ మచ్చల్లో కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. అందుకే పొలుసులు. ఇది అంటుకునే జబ్బు కాదు. చాలామందికి చలిలో ముదిరి, ఎండలు వచ్చాక నెమ్మదిస్తుంది. బాగా ముదిరినప్పుడే కదా ఎవరైనా కొత్త మందు మొదలుపెట్టేది! ఆ స్థితి నుంచి దానంతట అదే కొంత తగ్గే అవకాశం ఎక్కువ. జనవరిలో మొదలుపెట్టిన కషాయానికి ఏప్రిల్ ఎండ చేసిన మేలు కూడా జమ అవుతుంది.

అలాగని చెట్టూ చేమా మందులన్నీ ఉత్తవే అనడం చరిత్రకు అన్యాయం చేయడమే. బ్రెజిల్ అరరోబా చెట్టు నుంచి తీసిన ఒక పొడి పోర్చుగీసువారి ద్వారా గోవా చేరి, 'గోవా పొడి'గా తామరకు మందని పేరుపడింది. 1870లలో లండన్ చర్మవైద్యుడు బాల్మానో స్క్వైర్ దాన్ని సోరియాసిస్‌కు వాడి మంచి ఫలితం చూశాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆ పొడి దొరకడం కష్టమైతే, 1916లో జర్మనీలో దానికి దగ్గరి పోలిక ఉన్న డిథ్రనాల్‌ను కృత్రిమంగా తయారుచేశారు. చర్మవైద్యంలో అది ఈనాటికీ గుర్తింపు ఉన్న మందు.

బావంచాల కథ ఇంకా మనకు దగ్గరిది. ఆయుర్వేదంలో బొల్లికి వాడే ఈ గింజల్లో సోరాలెన్ ఉంటుంది. అదే కుటుంబానికి చెందిన మెథాక్సలెన్ మాత్ర ఇచ్చి, చర్మం మీద అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తే సోరియాసిస్ తగ్గుతుందని అమెరికా వైద్యులు 1974లో ప్రకటించారు. అదే 'పువా' చికిత్స. మోతాదు కొలిచి ఇస్తారు, కాంతినీ కొలుస్తారు. ఏళ్ల తరబడి తీసుకుంటే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందనీ తేలింది కాబట్టి ఎన్నిసార్లు ఇచ్చారో లెక్క రాసుకుంటారు. ఇంట్లో బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చుంటే ఈ కొలతలేవీ ఉండవు. చర్మం కాలి బొబ్బలెక్కవచ్చు. గాయమైన చోట కొత్త మచ్చలు లేవడం సోరియాసిస్‌కు ఉన్న గుణం. నిమ్మరసం, వెనిగర్ లాంటివి పగిలిన చర్మం మీద రుద్దేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక అంకుడు చెట్టు. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఈ కర్రతోనే చేస్తారు. దీని ఆకులను కొబ్బరినూనెలో వేసి ఎండబెట్టి తీసిన నూనెను తమిళనాడు సిద్ధ వైద్యులు సోరియాసిస్‌కు వాడుతున్నారు. బాగుపడ్డామని చెప్పే రోగులు ఉన్నారు. అయితే దీనిపై జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి, పోల్చి చూసేందుకు రెండో వర్గం లేనివి. పైగా కొబ్బరినూనె ఒక్కటే రాసినా పొలుసులు మెత్తబడతాయి, దురద కొంత తగ్గుతుంది. అయితే ఆ మేలు ఆకుదా, నూనెదా?

ఇది తేల్చడం అసాధ్యమేమీ కాదు. చైనా సంప్రదాయ వైద్యంలోని నీలిమందు లేపనంపై తైవాన్ పరిశోధకులు 42 మంది సోరియాసిస్ రోగులతో చేసిన పరీక్ష 2008లో అచ్చయింది. ఒకే మనిషి ఒంటిమీద ఒక మచ్చకు నీలి లేపనం, ఇంకో మచ్చకు నీలి కలపని లేపనం రాశారు. ఫలితాన్ని కొలిచేవారికి ఏది ఎక్కడ రాశారో చెప్పలేదు. రుతువు, తిండి, దిగులు రెండు మచ్చలకూ ఒక్కటే కాబట్టి పోలిక నిక్కచ్చిగా కుదిరింది. నీలి రాసిన మచ్చే స్పష్టంగా మెరుగుపడింది. ఈ కథకు రెండో భాగం కూడా ఉంది. పేగు జబ్బుకు అదే నీలిమందును మింగినవారిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగిన సందర్భాలు చూసి 2016లో జపాన్ ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది. పైపూతకు పనికొచ్చింది కడుపులోకి పనికిరాకపోవచ్చు.

అంకుడు నూనెకూ ఇలాంటి పరీక్షే కావాలి. ఒక మచ్చకు అంకుడు నూనె, మరో మచ్చకు అదే రంగు కలిపిన కొబ్బరినూనె. ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద సిద్ధ వైద్యానికి ప్రత్యేక పరిశోధన మండలి ఉంది, ఆసుపత్రులు ఉన్నాయి, రోగులకు లోటు లేదు. నూనె నెగ్గితే పేదవాడికి చౌకగా ఒక మందు దొరుకుతుంది. ఓడితే అతని డబ్బు, కాలం మిగులుతాయి.

పథ్యం విషయంలో తేలినది తక్కువే అయినా పనికొచ్చేది. అధిక బరువు ఉన్నవారు తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గాలని అమెరికా జాతీయ సోరియాసిస్ ఫౌండేషన్ వైద్య మండలి 2018లో గట్టిగా సూచించింది. గోధుమల్లోని గ్లూటెన్ మానడం దానికి సంబంధించిన రక్తపరీక్షలో తేడా కనిపించినవారికే. పొగతాగడం, మద్యం జబ్బును ఎగదోస్తాయి. వంకాయకు వేసిన శిక్షకు మాత్రం నిలబడే ఆధారం లేదు.

భయపడవలసింది లేబుల్ మీద రాయని దానికి. 1999లో లండన్ వైద్యులు చర్మవ్యాధుల రోగులు వాడుతున్న 11 చైనా మూలికా క్రీములను పరీక్షిస్తే, 8 క్రీముల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది. ఊరూపేరూ లేని పొడి వారం రోజుల్లో మచ్చలు మాయం చేస్తే అనుమానించాల్సింది అందుకే. అలాంటి స్టెరాయిడ్ కడుపులోకి వెళ్లి, ఉన్నట్టుండి ఆగిపోతే ఒళ్లంతా ఎర్రబారడం, చీముపొక్కులు లేవడం జరగవచ్చు. అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. 'ఇమ్యూనిటీ పెంచే' ఉత్పత్తులదీ విచిత్రమైన తర్కమే. ఇప్పటికే అతిగా రెచ్చిపోతున్న రక్షణ వ్యవస్థను ఇంకా పెంచడం ఎందుకు?

రోగులు ఈ దారులు పట్టడానికి కారణాలు లేకపోలేదు. ఇంజెక్షన్ రూపంలో ఇచ్చే కొత్త జీవ ఔషధాలు చాలామందికి అందని ధర. పూర్తిగా నయం కాదని డాక్టరు చెబుతాడు, నయం చేస్తానని ప్రకటన చెబుతుంది. మనిషి దేనివైపు మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు. నాటు మందు వాడుతున్నానంటే కసురుకునే డాక్టరు దగ్గర రోగి నిజం దాస్తాడు. కాలేయాన్ని పరీక్షిస్తూ వాడాల్సిన మెథోట్రెక్సేట్‌తో పాటు ఏ కషాయం తాగుతున్నాడో తెలియకపోతే, పరీక్షలో తేడా వచ్చినప్పుడు తప్పు దేనిదో డాక్టరుకూ అంతుపట్టదు.

పైపూతగా కొబ్బరినూనె రాసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుంటున్నా, కీళ్లు వాచి నొప్పి పెడుతున్నా మండలం రోజుల కషాయం అయ్యేదాకా ఆగకూడదు. సోరియాసిస్ కీళ్లకు పాకితే జరిగే నష్టం చర్మంలా మళ్లీ బాగుపడేది కాదు.