పోయే నీటి లెక్క

తెలంగాణ పల్లెల్లో ఇంటికి వచ్చే నీటికి లీటర్లలో లెక్క ఉంది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ పథకం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, పురపాలక సంఘాల్లో 135 లీటర్లు, నగరపాలక సంస్థల్లో 150 లీటర్లు ఇవ్వాలని కొలత పెట్టుకుంది. పంపుల శక్తి, పైపుల వ్యాసం, ఊరి ట్యాంకు పరిమాణం అన్నీ ఆ కొలత మీదనే తేలాయి. వాడకం అయిపోయిన తర్వాత ఆ నీరు ఎంత మిగులుతుంది, ఏ దారిన పోతుంది, చివరికి ఎక్కడ నిలుస్తుంది అన్న లెక్కను మాత్రం ఎవరూ అంత శ్రద్ధగా వేయలేదు. పాత ఊళ్లో ఇది ఎలాగో సర్దుకుపోయిన లోటు. ఊరి చుట్టూ కొత్త ఇళ్లు లేస్తున్న ఇప్పటి కాలంలో ఇక సర్దుకుపోయేది కాదు.

వనపర్తి జిల్లాలోని పెద్దమందడి మండలాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ సంగతి స్పష్టపడుతుంది. 2016 అక్టోబరు 11 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతానికి కొత్త జిల్లాలు ఏర్పడడంతో జిల్లా కేంద్రం చేరువైంది. హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి ఈ మండలంలోని వెల్టూరు పక్కగా పోతుంది. మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది. రహదారి, జిల్లా కార్యాలయాలు, కళాశాల దగ్గరగా ఉన్న చోట చేను ప్లాటుగా మారే అవకాశం ఎప్పుడూ ఎక్కువే. ఇలాంటి మండలాల్లో కొత్త ఇళ్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, వ్యవసాయ భూమిని ప్లాట్లుగా కోసి అమ్మే వెంచర్. రెండోది, ప్రభుత్వ సాయంతో పేద కుటుంబాలు కట్టుకునే ఇల్లు. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలు విడతలవారీగా ఇస్తూ, ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలని, అందులో వంటగది, మరుగుదొడ్డి తప్పనిసరిగా ఉండాలని నిర్దేశించింది. ఆ కుటుంబాలకు ఇల్లు ఎంత అవసరమో ఆ ఇంటి నుంచి మురుగు సవ్యంగా పోవడమూ అంతే అవసరం. మొదటిదానికి సాయం చేస్తున్న ప్రభుత్వం రెండోదాన్ని ఆ కుటుంబం తిప్పలకే వదిలేయడం న్యాయం కాదు.

లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఇంటికి నలుగురు చొప్పున వంద ఇళ్ల కాలనీ అనుకుంటే, మనిషికి 100 లీటర్ల ప్రకారం రోజుకు 40 వేల లీటర్ల నీరు వస్తుంది. ఇంజనీర్లు సాధారణంగా పాటించే సూత్రం ప్రకారం సరఫరా అయిన నీటిలో దాదాపు 80 శాతం వాడిన నీరుగా బయటికి వస్తుంది కాబట్టి, రోజుకు 32 వేల లీటర్లు ఆ కాలనీ గడపలు దాటాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో ఎత్తిపోయాలంటే రోజూ ఆరు ట్యాంకర్లు చాలవు. పల్లెలో చాలా ఇళ్లకు సొంత బోరు, పశువులు ఉన్న ఇంటికి కొట్టం కడుగు కూడా ఉంటాయి గనుక అసలు పరిమాణం ఇంతకంటే ఎక్కువే. దీనికి వాన తోడవుతుంది. ఎకరం నేల మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 80 వేల లీటర్ల నీరు దిగినట్టు లెక్క. దున్నిన ఎర్ర చెలక అందులో చాలా భాగాన్ని తాగేస్తుంది, అదే ఎకరం మీద స్లాబులు, సీసీ రోడ్లు పరుచుకుంటే దాదాపు అంతా పల్లానికి పరుగెత్తుతుంది. పది ఎకరాల వెంచర్‌కు దిగువన ఉన్న పాత వాడకు ఒక గట్టి వాన ఏం చేస్తుందో ఊహించడానికి నిపుణులు అక్కర్లేదు.

గ్రామాల్లో మోరీ అని పిలిచే సిమెంటు కాలువ ఈ భారమంతా మోస్తుందని అందరూ అనుకుంటారు. కానీ మోరీ కట్టే తీరును దగ్గరి నుంచి చూస్తే దాని శక్తి ఎంతో తెలిసిపోతుంది. ముందు సీసీ రోడ్డు పడుతుంది, ఆ తర్వాత ఎప్పుడో నిధులు వచ్చినప్పుడు దాని పక్కన మోరీ తవ్వుతారు. అప్పటికే ఇళ్ల ముందు మెట్లు, అరుగులు, ర్యాంపులు కట్టి ఉంటాయి కనుక ఎక్కడికక్కడ మోరీ సన్నబడుతుంది. వాలు, అంటే నీరు తనంతట తాను సాగడానికి కాలువ అడుగుకు ఇవ్వాల్సిన ఏటవాలు, కొలిచి కట్టినవి తక్కువ. వాలు చాలని చోట నీరు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన నీటిలో ఇసుక, అంట్ల బూడిద, కొత్త ఇంటి పని నుంచి వచ్చిన సిమెంటు పాలు అడుగున పేరుకొని గట్టిపడతాయి, వాటి మీద పాల ప్యాకెట్లు, గుట్కా సాచెట్లు నిలుస్తాయి. రోడ్డు మీద రోడ్డు వేసిన వీధుల్లో పాత ఇళ్ల గడపలు రోడ్డుకంటే కిందికి పోయి, వాన కురిసిన రాత్రి మోరీ నీరు ఇంట్లోకి తిరిగి వస్తుంది. అన్నిటికంటే పెద్ద లోపం మోరీ ఆగిపోయే చోట ఉంటుంది. నిధులు ఎంతవరకు వస్తే అంతవరకే కట్టిన మోరీ చివరి ఇంటి గోడ దాటగానే అంతమవుతుంది. ఆ పైన నీరు ఎవరిదో పొలం గట్టు పక్కన మడుగు కడుతుంది, లేదా పల్లం వెతుక్కుంటూ కుంటకో చెరువుకో చేరుతుంది. ఊరి చివర, పల్లంలో, ఆ మడుగు పక్కనే ఎక్కువగా ఎవరి ఇళ్లు ఉంటాయో తెలంగాణ పల్లె తెలిసినవారికి వేరే చెప్పనవసరం లేదు. ఎగువన కట్టిన ప్రతి కొత్త ఇంటి భారం ముందుగా దళిత వాడల మీద, కూలి కుటుంబాల మీద పడుతోంది. దోమల వల్ల వచ్చే రోగాల లెక్కలు రాసేటప్పుడు ఈ భౌగోళిక సత్యాన్ని కూడా రాయాలి.

మురుగు అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు నీళ్లు ఉన్నాయి. వంట, స్నానం, బట్టలుతుకుడు వల్ల వచ్చేదాన్ని గ్రే వాటర్ అంటారు; అది పరిమాణంలో ఎక్కువ, ప్రమాదంలో తక్కువ. మరుగుదొడ్డి నుంచి వచ్చేది పరిమాణంలో తక్కువైనా రోగకారక క్రిములను మోస్తుంది. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ ఒక్కో మరుగుదొడ్డికి 12 వేల రూపాయలు ఇచ్చి కోట్ల ఇళ్లకు ఆ సౌకర్యం తెచ్చింది; ఆడవాళ్లు చీకటి కోసం ఎదురుచూసే దుస్థితిని తగ్గించిన ఈ పని విలువను తక్కువ చేయరాదు. ఆ పథకం సిఫారసు చేసింది జంట గుంతల పద్ధతి: ఒక గుంత నిండగానే రెండోదానికి మళ్లిస్తే, మొదటిదానిలోని మలం ఏడాదికి పైగా మూసి ఉంచిన తర్వాత వాసన లేని ఎరువుగా మారుతుంది. ఆచరణలో చాలా కుటుంబాలు సిమెంటు వరలు దింపి ఒకే లోతైన గుంత తవ్వించుకుంటాయి, ఎంత లోతైతే అంత కాలం నిండదన్న నమ్మకంతో. వనపర్తి ప్రాంతపు నేల కింద ఉన్నది గ్రానైట్, నైస్ రాతి పొర. మట్టి పొర పలుచగా ఉన్న చోట గుంత అడుగు రాతి పగుళ్లను తాకుతుంది, మట్టిలోలాగా వడపోత జరగకుండానే మురుగు ఆ పగుళ్ల వెంట పక్కింటి బోరు దాకా పోగలదు. గుంత అడుగుకూ భూగర్భ జల మట్టానికీ మధ్య కనీసం రెండు మీటర్ల మట్టి ఉండాలన్న నియమం పుట్టింది ఇందుకే. మలజలం చేరిన నీటిలో నైట్రేటు పెరుగుతుంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ఈ పదార్థం పాలు తాగే పసిపిల్లల రక్తంలో ప్రాణవాయువు ప్రసరణను దెబ్బతీస్తుంది. భగీరథ నీరు ఆగిన రోజున అందరూ తిరిగి ఆ బోరు దగ్గరికే వెళ్తారు. 2020 అక్టోబరులో ఎల్లూరు దగ్గరి కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌస్ మునిగి భగీరథ నీటి సరఫరా దెబ్బతిన్నప్పుడు పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా ప్రాంతం ఈ సంగతిని అనుభవంలో తెలుసుకుంది.

గుంత నిండితే ఏం చేయాలన్నదానికి పల్లెలో సమాధానం ఒక ప్రైవేటు ట్యాంకరు ఫోన్ నంబరు మాత్రమే. ఆ ట్యాంకరు తోడిన మలాన్ని శుద్ధి కేంద్రానికి తీసుకుపోవాలని పట్టణాలకు ఉద్దేశించిన 2017 నాటి జాతీయ విధానం చెబుతోంది. దగ్గరలో కేంద్రం లేని చోట అది వాగులోనో బీడులోనో ఖాళీ అవుతుంది. ట్యాంకరు చేరలేని ఇరుకు సందుల్లో మనిషిని గుంతలోకి దించే ఆలోచన కూడా ఎవరికీ రాకూడదు. 2013 నాటి చట్టం దాన్ని నేరంగా ప్రకటించింది, అయినా సెప్టిక్ ట్యాంకుల్లో విషవాయువుకు బలైన కార్మికుల వార్తలు ఈనాటికీ ఆగలేదు.

వెంచర్ల విషయానికి వస్తే, నియమాలు లేక జరుగుతున్న నష్టం కాదిది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం లేఅవుట్‌కు నగర, గ్రామీణ ప్రణాళిక విభాగం, అంటే వాడుకలో డీటీసీపీ, సాంకేతిక ఆమోదం కావాలి. ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లు, మురుగు కాలువలు, ఖాళీ స్థలం చూపాలి. చిక్కు అనుమతి లేని వెంచర్లతో వచ్చింది. 2020 ఆగస్టు 31న వెలువడిన ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని ప్లాట్లను రుసుము తీసుకొని క్రమబద్ధీకరించే పథకానికి, రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. రుసుము కట్టిన ప్లాటుకు కాగితం మీద సక్రమత వస్తుంది. కాలువ ఏ ఒక్క ప్లాటుకూ చెందదు, అది మొత్తం వాలుకు చెందుతుంది. ప్లాటు ప్లాటుగా క్రమబద్ధీకరించినప్పుడు ఎక్కడా లేని కాలువ ఎక్కడి నుంచి వస్తుంది? అలా వసూలైన డబ్బును అదే వెంచర్ మురుగు కాలువకే ఖర్చు చేయాలని పట్టుబట్టే హక్కు గ్రామసభకు ఉండాలి.

కొత్త ఇళ్ల మురుగును ఎవరు మోయాలన్న ఈ వివాదం పరదేశంలో మరో రూపంలో నడుస్తోంది. ఇంగ్లండులో 1991 నాటి నీటి పరిశ్రమ చట్టం ఇల్లు కట్టేవారికి ఊరి భూగర్భ మురుగు పైపుకు కలుపుకొనే హక్కు ఇచ్చింది. ఆ పైపు కొత్త ఇళ్ల భారం మోయగలదా అని అక్కడి పల్లెవాసులు ప్రశ్నిస్తున్నారు. ఇక్కడ పైపే లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారత గ్రామీణ గృహాల్లో 63 శాతానికి ఏ రకమైన మురుగు కాలువా లేదు. మూసిన కాలువ ఉన్నవి ఆరు శాతం కంటే తక్కువ.

వనపర్తి ప్రాంతానికి నీటి లెక్కలు కొత్త కాదు. 1949లో శంకుస్థాపన జరిగి 1959లో ప్రారంభమైన సరళాసాగర్ జలాశయానికి, వరద ఒక మట్టానికి రాగానే గేట్లు ఎత్తే పని లేకుండా నీటిని తనంతట తానే బయటికి వదిలే సైఫన్లు అమర్చారంటే, ఎంత నీరు వస్తుందో, ఎంత పోవాలో ముందే కొలిచారన్నమాట. 2019 డిసెంబరు 31న ఆ కట్టకు గండి పడిన ఘటన, ఎంత మంచి లెక్కకైనా నిర్వహణ తోడు కావాలని చెప్పింది. ఆనాటి పెద్దలు చెరువుకు చూపిన శ్రద్ధ నేడు వీధి మోరీకి దక్కడం లేదు. పైగా మోరీ నీరు చేరేది ఆ చెరువులకే; మిషన్ కాకతీయ పథకంలో పూడిక తీసిన చెరువులో సబ్బు నీళ్ల ఫాస్ఫేటు చేరితే గుర్రపు డెక్క అల్లుకుంటుంది, నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, మత్స్య సహకార సంఘాల వారు వదిలిన చేపపిల్లలు తేలిపోతాయి.

పరిష్కారాలు ఉన్నాయి, అవి మన పక్కనే ఉన్నాయి. సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకొని గ్రే వాటర్ వీధిలోకి రాకుండా చేసింది; ఒకప్పుడు హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన నాందేడ్ జిల్లాలోని టెంభుర్ని కూడా ఇదే దారిలో దోమల బెడదను వదిలించుకుంది. ఎర్ర చెలక నేలలో, ఇంటి ముందు కాస్త జాగా ఉన్న చోట ఇంతకంటే చవకైన, మేలైన మార్గం లేదు. అయితే నల్లరేగడిలో నీరు ఇంకదు, రాయి తగిలిన చోట గుంత దిగదు, చిన్న ప్లాట్ల కాలనీలో మరుగుదొడ్డి గుంత, ఇంకుడు గుంత, బోరు మూడూ దగ్గర దగ్గరగా పడితే మేలుకంటే కీడు ఎక్కువ. అలాంటి కాలనీలకు లోతు తక్కువ పైపులతో నీటిని ఒక చోటికి చేర్చి, చెరువులో కలిసే ముందు వరుస గుంటల్లో కొన్ని రోజులు నిలిపి, ఎండ, నాచు, సూక్ష్మజీవుల సాయంతో శుభ్రపరిచే పద్ధతి కావాలి. దానికి నేల కావాలి. ప్లాట్లన్నీ అమ్ముడైన తర్వాత ఆ నేల దొరకదు కాబట్టి లేఅవుట్ గీసే రోజే అత్యంత పల్లపు మూలను ఇందుకు విడిచిపెట్టాలి. 

ఇక నిధుల మాట. స్వచ్ఛ భారత్ రెండో దశ ఐదు వేల లోపు జనాభా గల గ్రామాలకు గ్రే వాటర్ పనుల కోసం మనిషికి 280 రూపాయల దాకా ఖర్చును అనుమతించింది. మూడు వేల మంది ఉన్న ఊరికి ఇది 8 లక్షల 40 వేలు, ఇంకుడు గుంతలకు సరిపోవచ్చు గాని పైపులకు చాలదు. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టుబడినవి; 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక, పాలకవర్గాలు లేవన్న కారణంతో ఆ గ్రాంట్లు ఆగిపోయి, మోరీ పూడిక తీయడానికే పంచాయతీలు అవస్థపడ్డాయి. 2025 డిసెంబరు ఎన్నికలతో తిరిగి సర్పంచులు వచ్చారు. పెద్దమందడి మండలంలోని ప్రతి కొత్త సర్పంచు ముందుగా చేయించుకోవాల్సింది ఊరి వాలు పటం: ఏ వీధి నీరు ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో, ఏ చెరువులో పడుతుందో ఒక్క కాగితం మీద చూపే పటం. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగం సిబ్బంది తలచుకుంటే ఇది కొద్ది రోజుల పని, దానికి కొత్త జీవో అక్కర్లేదు.

ఇందిరమ్మ ఇంటికి విడత బిల్లు రావాలంటే పునాది, గోడలు, స్లాబు ఫొటోలను పంచాయతీ కార్యదర్శి స్థలం వివరాలతో సహా యాప్‌లో ఎక్కించాలి. చివరి విడతకు ముందు ఇంకొక్క ఫొటో చేర్చడం ప్రభుత్వానికి భారం కాదు: ఆ ఇంట్లో వాడిన నీరు పోయే ఇంకుడు గుంత, లేదా అది కలిసే వాలు ఉన్న మోరీ. ఆ గుంత ఖర్చును 5 లక్షల్లోంచి కోయకుండా విడిగా ఇవ్వాలి, ఎందుకంటే ఇల్లు పూర్తి చేయడానికే అప్పు చేసిన కుటుంబం మీద ఊరి పారిశుద్ధ్య భారం మోపడం తగదు.